గుర్రమని చెప్పుకున్న కోతి

మసాన్ ఊళ్లో నామ్ దల్సుని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఆస్పత్రిలో చీటీ చూసి కేకేసే నర్సు ఒకరు, కోపం వచ్చినప్పుడు ఆయన భార్య సునిమ్ ఒకరు. మిగతా ఊరందరికీ ఆయన పెద్దన్న. చేపల మార్కెట్లో పీతలమ్మే ఆడవాళ్లకి పెద్దన్న, బస్సు డ్రైవర్లకి పెద్దన్న, ఎనభై దాటిన సెలూను ముసలాయనకి కూడా పెద్దన్నే. ఆ ముసలాయన గడ్డం గీస్తూ "అన్నా, కాస్త తల పైకెత్తండి" అంటుంటే దల్సు కళ్లు మూసుకుని హాయిగా వినేవాడు. సిగ్గుపడాలని ఆయనకి ఎన్నడూ తోచలేదు.

టెన్నిస్ మానేసి ముప్పై ఏళ్లు దాటింది. ఆడిన రోజుల్లో మాత్రం, ఉన్నమాట చెప్పుకోవాలంటే, ప్రపంచాన్నేం దున్నిపారెయ్యలేదు. విదేశాల్లో పెద్ద పోటీలకి వెళ్లాడు. మొదటి రౌండులో ఓడిపోయి వచ్చాడు. బాగా ఆడిన ఏడు రెండో రౌండులో ఓడిపోయి వచ్చాడు. దేశంలో గెలిచాడు గానీ, ఆయన కంటే ఎక్కువ గెలిచినవాళ్లు అరడజను మంది ఉన్నారు. వాళ్లు రోడ్డు మీద ఎదురైతే జనం దారి తప్పుకోమంటారు. దల్సు ఎదురైతే ఫోను తీసి పక్కన నిలబడతారు. దీనంతటికీ కారణం ఆయన ఆట కాదు, ఆయన ఒకసారి రేడియోలో అన్న ఒక్క మాట.

నలభై ఏళ్ల పైమాట అది. జాతీయ పోటీ ఫైనల్లో ఆయన మీద ఆడినవాడు బోంగ్ మాన్హో. ఇద్దరిదీ ఒకే బ్యాంకు జట్టు, ఒకే గది, ఒకే సబ్బు. అయిదో సెట్‌లో మాన్హో ఒక్క పాయింటు గెలిస్తే కప్పు అతనిది. దల్సు నెట్ దగ్గరికి పరిగెత్తి ఎలాగో బంతిని పైకి లేపాడు, లేపి జారి బోర్లా పడ్డాడు. బంతి గాల్లో తీరిగ్గా దిగుతోంది. కింద మాన్హో. ఎదర ఖాళీ కోర్టు. పసిపిల్లవాడైనా కొట్టేస్తాడు. మాన్హో కొట్టలేదు. రాకెట్ అవతల పారేసి, నెట్ దూకి, "అన్నా, దెబ్బ తగిలిందా?" అంటూ వచ్చి పక్కన కూలబడ్డాడు. బంతి ఆటలో ఉండగా నెట్ దాటితే పాయింటు పోతుంది. పాయింటు పోయింది, దాని వెనకే సెట్టు, దాని వెనకే కప్పు పోయాయి. దల్సుకి దెబ్బేమీ తగల్లేదు. కాకపోతే లేవాల్సిన దాని కంటే కాస్త ఎక్కువసేపే పడుకున్నాడు.

ఆ సాయంత్రం రేడియోవాడు మైకు పెడితే దల్సు గొంతు వణికిస్తూ అన్నాడు: "కప్పు నాది. మనసు మా తమ్ముడిది." దేశమంతా ఏడ్చింది. మర్నాటి నుంచి ఆయన పెద్దన్న అయిపోయాడు. ఆ తరవాత ఎన్నికలొచ్చి పోయాయి, కరువులొచ్చి పోయాయి, ఆ పేరు మాత్రం చెక్కు చెదరలేదు. ఇప్పటికీ టీవీలో మోకాలి నొప్పి పట్టీల ప్రకటనకి ఆయనే వస్తాడు. "పెద్దన్న చెబుతున్నాడు, అతికించెయ్!" అని మోకాలి మీద చరుచుకుంటాడు. సునిమ్ ఆ ప్రకటన వచ్చినప్పుడల్లా చానల్ మారుస్తుంది.

ఇందులో ఉన్న చిక్కల్లా ఒక్కటే. దల్సు అన్న కాదు.

పదిహేడేళ్ల వయసులో జట్టు శిక్షణకి వచ్చిన మొదటి రోజున కుర్రాళ్లని వరసగా నిలబెట్టారు. చిన్నవాడు పెద్దవాడి సాక్సులు ఉతకాలి, బంతులేరాలి, సంచి మొయ్యాలి. కాబట్టి ఎవరు చిన్నో ముందు తేలాలి. అక్కడ ఏళ్లకి వరసగా జంతువుల పేర్లుంటాయి, ఎవరు ఎప్పుడు పుట్టారో ఆ పేరుతోనే చెప్పుకుంటారు.

"నీది ఏ ఏడు?" అని దల్సు అడిగాడు.

"గొర్రె," అన్నాడు మాన్హో. "నీదో?"

దల్సుది కోతి సంవత్సరం. గొర్రె తరవాత వచ్చేది. ఆయన మూలనున్న సాక్సుల బుట్ట వైపు చూశాడు. దాని వాసన కూడా వచ్చింది. "నాది గుర్రం," అన్నాడు. గుర్రం వచ్చేది గొర్రెకి ముందు.

"కాగితంలో కోతి అనుందేమిట్రా?" అన్నాడు కోచ్.

"కాగితానికేముంది సార్, ఏం రాస్తే అదే. నా ముందు పుట్టినవాళ్లు ఇద్దరూ పోయారు. వీడైనా దక్కుతాడో లేదోనని మా నాన్న రెండేళ్లు ఆగి రాయించాడు."

ఆ రోజుల్లో ఇంటికొకడు అలాంటివాడుండేవాడు. కోచ్ తమ్ముడే అలాంటివాడు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మాన్హో నడుం వంచి "అన్నా" అని, సాక్సుల బుట్ట ఎత్తుకుని పోయాడు. అప్పటి నుంచి పత్రికలు దల్సు వయసు ఎప్పుడు వేసినా సరిగ్గానే వేశాయి. వేసినప్పుడల్లా, తప్పు వేశారని అభిమానులు ఫోన్లు చేసి తిట్టారు. నిజం యాభై ఏళ్ల పాటు రోజూ అచ్చులో ఉంది, నమ్మినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మాన్హోకి ఇప్పుడు మార్కెట్ వెనక రాకెట్లకి తీగలు బిగించే చిన్న కొట్టుంది. రోజూ పొద్దున్నే ముహాక్ కొండ కింద మట్టి కోర్టు ఊడ్చి, గీతలు తుడిచి, దల్సు వచ్చేదాకా నిలబడే ఉంటాడు. సంచి అందుకుంటాడు. తరవాత గంట సేపు అన్నగారిని పీడించుకు తింటాడు.

"అన్నా, తమరు క్షమించాలి, అది బయట పడింది."

"కళ్లు పోయాయిరా నీకు? గీత మీద పడింది!"

"తమరు పెద్దవారు, తమరి మాట కాదనను. బంతి మాత్రం బయటే పడింది."

ఊళ్లో ఇంకెవరితో ఆడినా ఇదే సుఖం దొరకదు. మిగతావాళ్లు పెద్దన్నతో ఫొటో కోసం ఆడతారు, వచ్చిన బంతిని నెట్‌లోకి కొట్టి "అబ్బ, ఏం ఆట పెద్దన్నా!" అంటారు. ఒక్క పాయింటు కూడా ఊరికే ఇవ్వనివాడు లోకంలో మాన్హో ఒక్కడే. దల్సు పొద్దున లేచేది ఆ గంట కోసం. ఈ సంగతి ఆయన మాన్హోకి ఏనాడూ చెప్పలేదు. అన్న అన్నవాడు అలాంటివి చెప్పడు కదా.

ఇలా ఉండగా డెబ్భై ఏళ్ల పండగ వచ్చిపడింది. అభిమాన సంఘం అధ్యక్షురాలు గ్వాక్ యాంగ్జా అని, చేపల వేపుడు హోటల్ నడుపుతుంది. గొంతు విప్పితే రేవులో పడవలు ఆగుతాయి. "పెద్దన్నకి డెబ్భై వస్తే ఇంట్లో పుట్టినరోజు నాచు పులుసు తాగి కూర్చుంటాడా? కుదరదంటే కుదరదు!" అని నగర మందిరం మాట్లాడేసింది. దల్సు వద్దన్నాడు. నిజంగానే వద్దన్నాడు. ఆయనకప్పుడు అరవై ఎనిమిది. జనం అది ఆయన వినయమనుకుని, ఇంకో వంద కుర్చీలు వేయించారు.

పండగ రోజున మందిరం కిటకిటలాడింది. దల్సుకి పట్టుబట్టలు కట్టి, పళ్లు గోపురాల్లా పేర్చిన బల్ల వెనక కూర్చోబెట్టారు. పక్కన సునిమ్. ఆ పక్కన మాన్హో. పొద్దుటి నుంచి అన్నగారి గ్లాసు ఖాళీ కాకుండా మర్యాదగా రెండు చేతులా సోజు సారా పోస్తున్నాడు. తను తాగాల్సి వచ్చినప్పుడల్లా పెద్దవాడి ఎదట తాగకూడదని మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని తాగుతున్నాడు. యాభై ఏళ్లుగా అలాగే తాగి తాగి మాన్హో మెడ కుడివైపుకి కాస్త వాలిపోయిందని ఊళ్లో వేళాకోళం.

యాంగ్జా మైకు అందుకుంది. "ఇప్పుడు పెద్దన్నకి ఒక బహుమానం! ఎవరికీ చెప్పకుండా నేనే గొజే దీవికి వెళ్లి వెతికి తెచ్చాను!"

తెర పక్క నుంచి చక్రాల కుర్చీ ఒకటి వచ్చింది. అందులో తొంభై దాటిన ముసలమ్మ. దల్సు వాళ్లమ్మకి అక్క. దల్సు చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. ఈ పెద్దమ్మని ఆయన పదేళ్లుగా ఫోన్‌లోనే పలకరిస్తూ, "నువ్వు రావద్దులే పెద్దమ్మా, పడవ ప్రయాణం నీకు పడదు" అంటూ జాగ్రత్తగా దీవిలోనే ఉంచుతూ వస్తున్నాడు.

"రెండు మాటలు చెప్పండి, అమ్మమ్మా," అని యాంగ్జా మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది.

ముసలమ్మ పళ్ల గోపురాలు చూసింది, దండలు చూసింది, గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసిన డెబ్భై చూసింది. "ఎవడికే డెబ్భై?" అంది.

"మన పెద్దన్నకే!"

"వీడికా? వీడికప్పుడే డెబ్భై ఏమిటి? ఇంకా రెండేళ్లుంది."

మందిరంలో నవ్వులు. యాంగ్జా కూడా నవ్వింది. "అది కాగితం లెక్క అమ్మమ్మా. అసలు లెక్కలో పెద్దన్నది గుర్రం సంవత్సరం."

"గుర్రమెవడే?" ముసలమ్మకి కోపం వచ్చింది. మైకు తనే లాక్కుంది. "వీడు పుట్టినప్పుడు మా చెల్లెలికి పాలు పడలేదు. మా రెండోదానితో పాటు వీడికీ నేనే ఇచ్చాను. అటొకరు, ఇటొకరు. మా రెండోది కోతి. అదిగో, కుర్చీ తోసుకొచ్చింది అదే, అడగండి. ఒక్క తల్లి దగ్గర ఒక్కసారే తాగిన వాళ్లలో ఒకతె కోతి, ఒకడు గుర్రం ఎలా అవుతార్రా? వీడు కోతే. మొహం చూస్తే తెలియడం లేదూ?"

కుర్చీ వెనకున్న అరవై ఎనిమిదేళ్ల రెండో కూతురు తలూపింది.

దల్సు ఎవరినీ చూడలేదు. మాన్హోని చూశాడు. మాన్హో సరిగ్గా అప్పుడే మొహం పక్కకి తిప్పుకుని గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుని ఉన్నాడు. అలా ఉన్నవాడు మెల్లగా మెడ ఇటు తిప్పాడు. అడ్డం పెట్టుకున్న చెయ్యి దించాడు. దల్సు కళ్లలోకి తిన్నగా చూస్తూ, గ్లాసెత్తి, ఆఖరి చుక్క వరకూ తాగి, బల్ల మీద టక్కున పెట్టాడు. ఆ ఊళ్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. లేచి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక దల్సు పట్టుబట్టలైనా విప్పకుండా నేల మీద కూలబడ్డాడు. "సునిమ్, నీకో సంగతి చెప్పాలి."

"మీది కోతి అనే కదా? నాకెప్పుడో తెలుసు," అంది సునిమ్ జడపిన్నులు తీసుకుంటూ. "పెళ్లికి ముందు మీ అమ్మ మా ఇంటికి మీ జాతకం పంపలేదూ?"

"ఇన్నేళ్లూ తెలిసి చెప్పలేదా!"

"మీరు అన్నయితే నాకేం, తమ్ముడైతే నాకేం? సంచి మోసేది నేను కాదుగా."

మర్నాడు ఊరు తన మీద రాళ్లేస్తుందనుకున్నాడు దల్సు. టోపీ కళ్లదాకా లాక్కుని బయటికొచ్చాడు. రాళ్లకి బదులు చప్పట్లు పడ్డాయి. పీతలమ్మే ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. "కోతి పెద్దన్నొచ్చాడే! సాక్సులుతకలేక యాభై ఏళ్లు అబద్ధమాడాడే!" అంటూ రెండు పీతలు ఎక్కువేశారు. బస్సు డ్రైవరు హారన్ కొట్టి కోతిలా గోక్కుని చూపించాడు. సెలూను ముసలాయన కత్తి నూరుకుంటూ, "ఒరే పిల్లాడా, కూర్చో. ఇన్నాళ్లూ నీకు అన్నా అని ఊడిగం చేశాను, ఇవాళ చెవులు కొయ్యనా?" అని పగలబడి నవ్వాడు. ఊళ్లో ప్రతి మగవాడూ ఎప్పుడో ఒకప్పుడు వయసు దగ్గర ఇదే మోసం చేసినవాడే మరి. దొరికిపోయినందుకు దల్సు వాళ్లకి మరీ దగ్గరివాడైపోయాడు. సాయంత్రానికి మోకాలి పట్టీల కంపెనీవాళ్లు ఫోన్ చేశారు: కోతి వేషంలో కొత్త ప్రకటన చేస్తారా అని. పత్రిక సంపాదకుడు మొదటి పేజీలో "మేము మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాం" అని వేసుకుని మురిసిపోయాడు.

దల్సు జీవితంలో ఇంత పేరు ఎన్నడూ రాలేదు. మట్టి కోర్టుకి మాత్రం మాన్హో రాలేదు.

మొదటి రోజు దల్సు తనే కోర్టు ఊడ్చాడు. నడుం పట్టేసింది. రెండో రోజు అభిమానులొచ్చి ఆడతామన్నారు. ఒకాయన వచ్చిన ప్రతి బంతినీ నెట్‌లోకి కొట్టి ఫొటో దిగి వెళ్లాడు. గీత మీద పడిన బంతి గురించి దల్సు కావాలనే "బయట!" అని అరిచాడు. "అవునవును, బయటే పెద్దన్నా," అన్నాడా పెద్దమనిషి. దల్సుకి ఏడుపొచ్చింది. దేశమంతా చుట్టూ మూగి ముద్దు చేస్తుంటే, తనతో దెబ్బలాడే దిక్కు లేక మనిషి చిక్కి సగమయ్యాడు. వారం తిరిగేసరికి సునిమ్ చూడలేకపోయింది.

"నామ్ దల్సూ!" అంది. పేరు పెట్టిందంటే ఇంక కదలాల్సిందే. "వెళ్లి మొహం చూపించి రండి. తిడితే పడండి. కొడితే మీ దగ్గర పట్టీలున్నాయిగా."

మాన్హో కొట్టులో ఉన్నాడు. రాకెట్‌కి తీగ బిగిస్తున్నాడు. తలెత్తలేదు.

"మాన్హో..." అన్నాడు దల్సు. ఒరేయ్ అనడానికి నోరు రాలేదు, అన్నా అనడానికి నోరు తిరగలేదు.

"కూర్చో," అన్నాడు మాన్హో. కూర్చోండి అనలేదు. "నీళ్లు కావాలంటే లేచి నువ్వే తెచ్చుకో."

దల్సు లేచి తెచ్చుకున్నాడు. మాన్హోకి కూడా ఒక గ్లాసు తెచ్చి, రెండు చేతులా పట్టుకుని అందించాడు. మాన్హో ఒంటి చేత్తో తీసుకున్నాడు.

"సాక్సుల సంగతి వదిలెయ్," అన్నాడు చివరికి. "సంచులు మోశాను, కోర్టు ఊడ్చాను, నా మెడ వంకరపోయింది, అన్నీ వదిలేశాను. ఆ ఫైనల్ ఉంది చూడు, అది వదలడం లేదురా. ఆ రోజు బంతి వదిలేసి నీ కోసం వచ్చాను. మా అమ్మ మొత్తుకుంది, ఎందుకు కొట్టలేదురా అని. అన్న పడిపోయి ఉంటే తమ్ముడు రాకెట్టెత్తుతాడా అమ్మా, అన్నాను. పోయేముందు కూడా అడిగింది. అదే చెప్పాను. నలభై ఏళ్లుగా అద్దంలో నా మొహానికి కూడా అదే చెబుతున్నాను. నేను ఓడిపోలేదు, తమ్ముణ్ని కాబట్టి వదిలేశాను అని. ఇప్పుడేం చెప్పమంటావు? కోతి వెధవ కోసం కప్పు పారేసుకున్న గొర్రెననా?"

దల్సు తల వంచుకున్నాడు. "తప్పయిపోయింది. కప్పు ఇంట్లో ఉంది, తెచ్చిచ్చేస్తాను. ఇవాళ్టి నుంచి అ..."

"ఆగు. ఆ పిలుపు నాకు ఊరికే వద్దు. కప్పులో మీ ఆవిడ పెసలు పోస్తుందని తెలుసు, అదీ వద్దు." మాన్హో రాకెట్ పక్కన పెట్టాడు. "నాకు ఆ పాయింటు కావాలి. నువ్వు మళ్లీ పడిపో. బంతి మళ్లీ లేపు. ఈసారి అన్న నేను, ఈసారి నెట్ దూకను. కొడతాను. లోపల పడితే ఆ ఫైనల్ నాది, నువ్వు ఊరందరి ముందూ ఒప్పుకోవాలి."

"బయట పడితే?"

"బయట పడితే, నా అంతట నేనే ఓడిపోయేవాణ్నని తేలుతుంది. ఇంక నీ మొహం చూడాల్సిన పనిలేదు, నా మొహమూ చూసుకోను."

దల్సు తలూపాడు.

ఈ సంగతి మాన్హో ఒక్క సెలూను ముసలాయనకే చెప్పాడు. ఆదివారానికి ఊరంతా కోర్టు కంచె చుట్టూ మూగింది. యాంగ్జా బియ్యపు కల్లు బిందెలతో దిగింది. టీవీవాళ్లు చెట్టెక్కారు. సునిమ్ బెంచీ లాక్కుని దల్సు వెనక గీత దగ్గర కూర్చుని, మొగుడి రెండు మోకాళ్లకీ పట్టీలు అతికించింది. "ఇన్నాళ్లకి మీ మాట విని అతికించాను," అంది.

"ఎలా పడమంటావు?" అన్నాడు దల్సు నెట్ దగ్గర నిలబడి.

"పడితే లేవలేవు, కూర్చో చాలు," అన్నాడు అవతల నుంచి మాన్హో. "అలా కాదు, ఎడంగా జరుగు. ఇంకా. అప్పుడు మొహం ఇంత అమాయకంగా లేదు, అది కూడా మార్చు."

జనం విరగబడి నవ్వారు. దల్సు మట్టిలో చతికిలబడి బంతి లేపాడు. మొదటిది నెట్‌లో పడింది. రెండోది కంచె దాటి కల్లు బిందెలో పడింది. మూడోది పడవలసిన తీరున లేచింది. నిటారుగా, తీరిగ్గా, నలభై ఏళ్ల కిందట దిగినట్టే మాన్హో నెత్తి మీదికి దిగసాగింది.

నవ్వులు ఆగిపోయాయి. మాన్హో ఎడం చెయ్యి బంతి వైపు చాపాడు. మెడ వంకరగానే ఉంది గానీ ఒళ్లు మాత్రం విల్లులా వెనక్కి వంగింది. కొట్టాడు. బంతి దల్సు తల మీదుగా దూసుకుపోయి వెనక గీత దగ్గర దుమ్ము లేపింది.

మట్టి కోర్టు ఆటలో అంపైరు లేనప్పుడు బంతి ఎవరివైపు పడితే వాళ్లే వెళ్లి గుర్తు చూసి చెప్పాలి. కంచె అవతలివాళ్లకి దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. మాన్హో రాకెట్ మీద బరువానించి నిలబడ్డాడు. "ఎక్కడ పడింది?" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. ఆ గొంతు దల్సు ఇదివరకు ఒక్కసారే విన్నాడు, నెట్ దూకి వచ్చి దెబ్బ తగిలిందా అని అడిగినప్పుడు.

దల్సు మోకాళ్లు పట్టుకుని లేచి, కుంటుకుంటూ వెనక గీత దాకా నడిచాడు. గుర్తు స్పష్టంగా ఉంది. గీతకి బెత్తెడు బయట.

బయట అంటే చాలు. కప్పు తనదే, పేరు తనదే, ఇన్నేళ్ల మచ్చ కూడా కొట్టుకుపోతుంది. పైగా అది నిజం. జీవితంలో మొదటిసారి నిజం చెబితే లాభం వచ్చే రోజు వచ్చింది. దల్సు తలెత్తి చూశాడు. అవతల మాన్హో తల పక్కకి వాల్చుకుని నిలబడి ఉన్నాడు. ఆ మనిషి లేని పొద్దుటి పూటలు ఆయన కళ్ల ముందు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి, ఆయనకి భయం వేసింది.

సునిమ్ గుర్తు వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, బెంచీ మీద అటు తిరిగి కొండ చూడసాగింది. ఎన్నో ఏళ్లుగా నోరు మూసుకున్న మనిషికి ఇదో లెక్కా.

దల్సు బూటు కాలితో గుర్తు బరబరా చెరిపేశాడు. "లోపల పడింది," అన్నాడు.

కంచె ఊగిపోయింది. యాంగ్జా కేకకి కొండ మారు పలికింది. జనం మాన్హో పేరు, దల్సు పేరు కలిపి అరిచారు. మాన్హో మాత్రం చెయ్యెత్తలేదు. నెట్ దూకకుండా, పద్ధతిగా పక్క నుంచి చుట్టి తిరిగి వచ్చి, దల్సు పక్కన నిలబడి కిందికి చూశాడు.

"గుర్తేదీ?"

"కాలు జారి చెరిగిపోయింది."

"జారిన కాలు గీత బయట జారిందేమిరా?"

చెరిపిన మరక గీతకి బెత్తెడు బయట, ఎండలో నిగనిగలాడుతూ కనపడుతోంది. మాన్హో దాని వంక చాలాసేపు చూశాడు. కంచె వైపు ఓసారి చూసి, తన కాలు ముందుకి పెట్టి, మట్టి దులుపుకున్నట్టు దులుపుకుంటూ ఆ మరకని కొంచెం కొంచెంగా ఇవతలికి లాగాడు. గీత దాకా లాగాడు. గీత దాటించి, లోపల ఇంకో జానెడు లాగి ఆపాడు.

"ఇందాక గొణిగావు," అన్నాడు. "జనానికి వినపడలేదు. పూర్తిగా చెప్పు."

దల్సు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"లోపలే పడింది, అన్నా!"